మా నాన్న కారు వణుకు, నా మెకానికల్ డిగ్రీ పరువు

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగు. చేసేది జావా. ఈ రెంటికీ సంబంధం ఏమిటని అడక్కండి, మనలో చాలామంది కథ అదే. క్యాంపస్‌కి కంపెనీ వచ్చింది, ఆప్టిట్యూడ్ టెస్టు పెట్టింది, తీసుకుంది. ఆటోమొబైల్ సబ్జెక్టులో ఏం చదివావని ఆ తర్వాత ఏ మేనేజరూ అడగలేదు. ఏడేళ్ళ తర్వాత, 2025 సంక్రాంతికి ఖమ్మం వెళ్తే మా నాన్న అడిగాడు.

"ఏరా, కారు వణుకుతోంది. ఏందో చూడు. నువ్వు చదివింది అదేగా?"

అదీ సంగతి. నాలుగేళ్ళ ఫీజులు ఆయనే కట్టాడు కాబట్టి అడిగే హక్కు ఉంది మరి.

కారు గురించి కాస్త చెప్పాలి. 2010లో నాన్న బ్యాంకు లోను పెట్టి కొన్నాడు. చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మూడు సిలిండర్ల ఇంజిను. ఏపీ 20 నంబరు. ఆ తర్వాత రాష్ట్రం మారింది, నంబర్ల ముందు టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, మా కారు మాత్రం ఇంకా ఏపీ 20 తోనే తిరుగుతోంది. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. మా వీధిలో అది మూడో కారు. మొదటి వారం రోజులూ దాన్ని కడగటానికి నేనూ అక్కా పోట్లాడుకున్నాం. పదిహేనేళ్ళలో 62 వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగింది. నాన్న దాన్ని ఎంత పొదుపుగా వాడాడో దీన్ని బట్టి మీకే అర్థమై ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ఆ ఏడాది ఆగస్టుకి దానికి 15 ఏళ్ళు నిండుతాయి. అప్పుడు ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్ళి, ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకి పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌కి ముందు కారుకి 600 ఉండేది, తర్వాత 5,000 అయింది. దాని మీద గ్రీన్ ట్యాక్సు అదనం. "ఇప్పటికే వణుకుతోంది, దాని మీద ఇంకా డబ్బులెందుకు, అమ్మేయండి" అని అక్క ఫోన్లో తేల్చేసింది. ఎక్స్‌ఛేంజిలో 45 వేలు ఇస్తామని ఒక షోరూమువాడు అన్నాడు. నేను కూడా లోపల అక్క వైపే. నాన్న ఒక్కటే మాటన్నాడు. "నాకూ మోకాళ్ళు అరిగినయి. నన్ను కూడా ఎక్స్‌ఛేంజికి పెడతారా?"

ఇంకేం మాట్లాడతాం చెప్పండి.

అంచనా బిల్లు

మొదట అందరూ చేసే పనే చేశాను. ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను (పేరు అనవసరం, ఆ మాటకొస్తే ఏ పేరైనా పెట్టుకోవచ్చు). ఏసీ గది, కాఫీ మిషను, చేతిలో ట్యాబ్ ఉన్న సర్వీస్ అడ్వైజరు. ఆయన బానెట్ తెరిచి ఒక నిమిషం చూశాడు. అరగంటలో ఎస్టిమేట్ వచ్చింది. మౌంట్లు మొత్తం, క్లచ్ సెట్టు, ఇంజెక్టర్ క్లీనింగు, ప్లగ్గులు, కాయిళ్ళు, థ్రాటిల్ బాడీ క్లీనింగు. మొత్తం 34,600.

"వీటిలో వణుకుకి కారణం ఏది?" అని అడిగాను.

"అన్నీ మారిస్తే పోద్ది సార్."

నిజానికి నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే ఆ ముందు వారమే నేను ప్రొడక్షన్‌లో ఒక సమస్యని సరిగ్గా ఇలాగే "పరిష్కరించాను". సర్వీసు నెమ్మదిగా ఉందంటే సర్వర్ రీస్టార్ట్ చేసి, మెమరీ పెంచి, లైబ్రరీ వెర్షన్ మార్చి, మూడూ ఒకేసారి డిప్లాయ్ చేశాను. సమస్య పోయింది. మూడింటిలో దేనివల్ల పోయిందో నాకిప్పటికీ తెలీదు. రూట్ కాజ్ అన్న గడిలో ఏదో ఒక వాక్యం రాసి టికెట్ మూసేశాను. ఆ అడ్వైజరుకీ నాకూ తేడా ఏమిటి? ఆయన బిల్లు మా నాన్న కడతాడు, నా బిల్లు క్లయింటు కడతాడు. అంతే.

ఎస్టిమేట్ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. పండక్కి పెట్టిన సెలవు ఇంకో నాలుగు రోజులుంది.

ముందు ప్రశ్నలు, తర్వాత పానాలు

వణుకు అంటే ఒక జబ్బు కాదు, జ్వరం లాంటిది. కారణాలు పది ఉంటాయి. అయితే ఏ పార్టూ విప్పకుండానే అందులో సగం కొట్టేయొచ్చు. ఎప్పుడు వణుకుతోంది అన్న ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాసుకుంటే చాలు. నేను ఒక పాత నోటుబుక్కులో రాసుకున్నవి ఇవీ.

కారు ఆగి ఉన్నప్పుడు వణుకుతోందా, నడుస్తున్నప్పుడా? ఆగి ఉన్నప్పుడే. డాష్‌బోర్డు మీద వెంకటేశ్వర స్వామి బొమ్మ సిగ్నల్ దగ్గర తెగ ఊగుతుంది, బండి కదలగానే నిలబడుతుంది. అంటే టైర్లు, వీల్ బ్యాలెన్సింగు, డ్రైవ్ షాఫ్టు లెక్కలోంచి పోయినట్టే. ఆగి ఉన్న కారులో చక్రాలు తిరగవు కదా.

న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ నొక్కితే? 2,000 దాటగానే దాదాపు పోతోంది.

ఏసీ వేస్తే? ఎక్కువవుతోంది.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? రెండింట్లోనూ.

వణుకు ఒకే తీరుగా ఉందా, మధ్యమధ్య తడబాటు ఉందా? ఇక్కడే నాకు సందేహం వచ్చింది. ఒక సన్నటి కంపనం ఎప్పుడూ ఉంది, దాని మీద మధ్యమధ్య ఒక కుదుపు. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే గాలి ఒకే లయలో రావట్లేదు, నడుస్తూ నడుస్తూ కుంటినట్టు ఉంది.

ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కే. ఇంజిను ఐడిల్‌లో నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకి 15. నాలుగు స్ట్రోకుల ఇంజిన్లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. మూడు సిలిండర్లు కాబట్టి చుట్టుకి ఒకటిన్నర పేలుడు, అంటే సెకనుకి 22.5. ఇది ఆరోగ్యంగా ఉన్న ఇంజిను గుండె చప్పుడు. ఒక సిలిండరు సరిగ్గా పేలకపోతే, ఆ లోటు రెండు చుట్లకి ఒకసారి వస్తుంది, అంటే సెకనుకి 7.5 సార్లు. అదే నాకు చేతికి తగిలిన కుంటి నడక.

ఫోన్లో యాక్సిలరోమీటర్ ఉంటుంది కదా, దాని గ్రాఫు చూపించే ఉచిత యాప్ ఒకటి వేసుకుని ఫోన్ని డాష్‌బోర్డు మీద పడుకోబెట్టాను. రెండు శిఖరాలు కనపడ్డాయి. ఒకటి 7.5 దగ్గర, ఇంకోటి 22 పైన. నాన్న పక్క సీట్లోంచి చూసి "ఈసీజీనా?" అన్నాడు. ఔననే చెప్పాను :-)

బ్లూటూత్ స్కానర్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి స్టీరింగు కింద సాకెట్లో పెట్టాను. ఐడిల్ ఎంతో చూపించింది గానీ, తప్పు కోడ్ ఒక్కటీ లేదు. ఇది గమనించండి. ఆ తరం కార్లన్నింటికీ మిస్‌ఫైర్ కనిపెట్టే తెలివి ఉండదు. డాష్‌బోర్డు మీద లైటు వెలగలేదు కాబట్టి ఇంజిను బాగుందనుకోవడం, అలర్ట్ రాలేదు కాబట్టి సర్వర్ బాగుందనుకోవడం లాంటిదే.

మొదటి దొంగ దొరికాడు

ఏ సిలిండరు పనిచేయట్లేదో తెలుసుకోవడానికి పాత పద్ధతి, ఇంజిను నడుస్తుండగా ప్లగ్గు వైరు పీకడం. అది వద్దు. అందులో వేల వోల్టులుంటాయి, పైగా కాలని పెట్రోలు వెళ్ళి సైలెన్సర్లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. నేను చేసింది, ఇంజిను ఆపి ఒక ఇంజెక్టరు కనెక్టరు ఊడదీయడం, స్టార్ట్ చేసి చూడటం, మళ్ళీ ఆపి పెట్టేయడం. అలా ఒక్కోటి. ఒకటో సిలిండరుది తీస్తే ఇంజిను ఆగిపోయేంత పనైంది. మూడోదీ అంతే. రెండోది తీస్తే పెద్ద తేడా ఏమీ లేదు. అంటే రెండో ఆయన ముందునుంచీ నిద్రలోనే ఉన్నాడన్నమాట.

ఇంజిను పూర్తిగా చల్లారాక ప్లగ్గులు విప్పాను. (వేడి మీద విప్పకండి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, మరలు ఊడొస్తే 34,600 నిజంగానే కట్టాలి.) ఒకటీ మూడూ కొసన లేత గోధుమరంగులో ఉన్నాయి, అది మంచి రంగు. రెండోది నల్లగా మసిపట్టి ఉంది, తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి సన్నటి నల్లగీత. కరెంటు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా ఆ గీత వెంట దిగిపోతోందని అనుమానం.

అనుమానమే, రుజువు కాదు. అందుకే కొత్త ప్లగ్గు వేసేముందు, రెండో ప్లగ్గుని మూడో దాంట్లో, మూడోదాన్ని రెండో దాంట్లో వేసి మళ్ళీ పరీక్షించాను. ఈసారి నిద్ర మూడో సిలిండరుకి మారింది. అంటే తప్పు ప్లగ్గుదే. కాయిలుదీ కాదు, ఇంజెక్టరుదీ కాదు, అవి తమ చోటునుంచి కదల్లేదు కదా. ఈ ఒక్క అటూఇటూ మార్పుతో ఎస్టిమేట్‌లో రెండు వరసలు కొట్టేశాను. దీనికైన ఖర్చు సున్నా.

మూడు కొత్త ప్లగ్గులు 570 రూపాయలు. మాన్యువల్‌లో చెప్పిన గ్యాప్ చూసుకుని, మొదట చేత్తోనే తిప్పి, ఆఖర్న మాత్రమే పానా పెట్టి బిగించాను. స్టార్ట్ చేస్తే కుంటి నడక మాయం. ఫోన్లో 7.5 దగ్గర శిఖరం పోయింది. నేను కారు చుట్టూ ఒక రౌండు కొట్టి, మా అమ్మకి కూడా చూపించాను. ఆమెకి అర్థం కాకపోయినా "బాగుంది నాయనా" అంది.

నేను చేసిన రెండు తప్పులు

మొదటి తప్పు మర్నాడు పొద్దున బయటపడింది. ఇంజిను ఐడిల్ 1,400కి ఎక్కి, పడి, మళ్ళీ ఎక్కుతోంది. వణుకు పోగొట్టబోయి ఊగిసలాట తెచ్చాను. ప్లగ్గులు అందాలంటే పైనున్న ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు దాని పక్కనున్న సన్నటి రబ్బరు గొట్టం సరిగ్గా ఎక్కించలేదు. చెవి దగ్గరగా పెడితే బుస్సుమని గాలి పీలుస్తున్న చప్పుడు. ఆ గొట్టం కొస పగిలి కూడా ఉంది. పగిలినంత మేర కోసి, కొత్త ముక్క వేసి, క్లిప్పు పెట్టాను. 30 రూపాయలు. ఒక బగ్ తీసి ఇంకో బగ్ పెట్టడంలో మన వృత్తి నైపుణ్యం ఎక్కడికి పోతుంది!

రెండో తప్పు దీనికంటే పెద్దది, అది పానాతో చేసింది కాదు, బుర్రతో చేసింది. కుదుపు పోయింది గానీ సన్నటి కంపనం అలాగే ఉంది. 22 దగ్గర శిఖరం కదల్లేదు. స్వామివారు ఇంకా ఊగుతున్నారు. ఒక కారణం దొరికింది కాబట్టి మిగిలిన వణుకు కారు వయసుదే అనుకున్నాను. "మూడు సిలిండర్ల ఇంజిన్లు ఇంతే నాన్నా, సహజంగానే కొంచెం ఊగుతాయి, పైగా అరిగిపోయింది" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. మూడు సిలిండర్ల ఇంజిను నాలుగు సిలిండర్లదాని కంటే ఎక్కువ ఊగుతుందన్నది నిజమే, రెండు కొసలూ వంతులవారీగా పైకీ కిందికీ లేస్తాయి. కానీ ఒక నిజమైన వాక్యాన్ని అడ్డం పెట్టుకుని వెతకడం మానేశాను. 2010లో కూడా ఈ కారుకి మూడు సిలిండర్లే, అప్పుడు స్వామివారు నిలకడగానే ఉన్నారు కదా అన్న ప్రశ్న నాకు తట్టలేదు.

ఈలోగా మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక బాబాయ్ "ఇదంతా ఇథనాల్ పెట్రోలు వల్ల" అని తేల్చాడు. 20 శాతం ఇథనాల్ కలిపితే మైలేజీ కొంత తగ్గుతుంది, పాత కార్లలో ఇంధనం తగిలే రబ్బరు భాగాల మీద కన్నేసి ఉంచాలి, అంతవరకు ఒప్పుకుంటాను. ప్రతి జబ్బుకీ అదే కారణమంటే ఇక చూడ్డం ఎందుకు?

షెడ్డు భాయ్

నాన్న ఏమీ అనకుండా కారు తీసి, మా ఇంటికి రెండు వీధుల అవతల రేకుల షెడ్డు దగ్గర ఆపాడు. అక్కడి మెకానిక్‌ని ఊళ్ళో అందరూ భాయ్ అనే పిలుస్తారు. అరవై దాటి ఉంటాయి. నేను నా గ్రాఫులు, నోటుబుక్కు అన్నీ చూపించబోయాను. ఆయన చూడకుండా నేను రాసుకున్న ప్రశ్నలే నోటితో అడిగాడు. ఆగినప్పుడా, నడిచేటప్పుడా? ఏసీ వేస్తేనా? ఆ వరసలోనే! నాకు భలే ఆనందమేసింది. తర్వాత నేను రాసుకోని ప్రశ్న ఒకటి అడిగాడు. "క్లచ్ వదిలేటప్పుడు టక్‌మని కొడతదా?"

నాన్న వెంటనే "కొడతది భాయ్, ఆర్నెల్లనుంచి" అన్నాడు. నాతో ఆ మాట చెప్పలేదు. ఎందుకంటే నేను అడగలేదు. రోజూ నడిపే మనిషిని అడగకుండా ఫోన్ సెన్సారుని అడిగాను.

భాయ్ బానెట్ తెరిచి, కారుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడ్డాడు. నన్ను సీట్లో కూర్చోమని, హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా, మరీ కొద్దిగా వదలమన్నాడు. ఇంజిను ఒక పక్కకి ఎగిరింది. రివర్సులో అదే చేస్తే ఇంకో పక్కకి. తర్వాత ఇంజిను ఆపించి, మౌంటు పక్కన ఒక కడ్డీ పెట్టి కొంచెం లేపి, "చూడు తమ్ముడూ" అన్నాడు. టార్చి వేసి చూస్తే రెండు ఇనుప పలకల మధ్య ఉండాల్సిన రబ్బరు అడ్డంగా చిరిగి, ఇనుము ఇనుముకి ఆనుతోంది.

అప్పుడు వెలిగింది నాకు. 22.5 అంటే ఆరోగ్యమైన ఇంజిను చప్పుడని నేనే లెక్కగట్టాను. ఆ చప్పుడు డాష్‌బోర్డు దాకా ఎందుకొస్తోంది అన్నదే అసలు ప్రశ్న. ఇంజిన్లో తప్పు లేదు, ఇంజినుకీ బాడీకీ మధ్య ఉండాల్సిన మెత్తదనం పోయింది. ట్రాన్స్‌మిసిబిలిటీ గ్రాఫు గుర్తుందా మెకానికల్ మిత్రులారా? బయటి కంపనం, ఆ అమరిక సహజ కంపనానికి 1.414 రెట్లు దాటితేనే మౌంటు దాన్ని తగ్గించగలదు, అంతకు లోపైతే పెంచుతుంది. రబ్బరు పోయి ఇనుము తగిలితే అమరిక బిరుసవుతుంది, సహజ కంపనం పైకి జరుగుతుంది, ఐడిల్ వచ్చి ఆ పెంచే ప్రాంతంలో పడుతుంది. 2,000 దగ్గర తగ్గిపోవడానికి కారణం కూడా ఇదే. ఈ గ్రాఫు నేను పరీక్షలో గీశాను, పది మార్కుల ప్రశ్న అది. కారు ముందు నిలబడినప్పుడు మాత్రం గుర్తురాలేదు.

"62 వేలే కదా భాయ్ తిరిగింది, అప్పుడే పోయిందా?" అన్నాడు నాన్న.

"రబ్బరుకి మీటరు తెల్వదు సార్, ఏండ్లు తెలుసు" అన్నాడు భాయ్. వేడికీ ఆయిలు మరకలకీ ఏళ్ళకీ అది గట్టిపడి పగులుతుంది, బండి షెడ్డులో ఉన్నా సరే.

నేను ఎస్టిమేట్ తీసి, మౌంట్లు అన్నీ మార్చేద్దామా అన్నాను. ఆయన మిగతావి కూడా కడ్డీతో చూసి వద్దన్నాడు. "ఒక్కటి మార్చు, నడిపి చూడు. పోకపోతే రెండోది." మౌంటు 1,350, కూలి 700. గంటన్నర పని. స్వామివారు నిలబడ్డారు.

నా అభిప్రాయం

ఇంతకీ ఇదంతా ఎందుకు చెప్పానంటే, బిల్లు కట్టేటప్పుడు జరిగిన సంగతి నన్ను వదలట్లేదు. భాయ్ రాసిన చీటీలో రెండే వరసలు, మౌంటు, కూలి. "మీరు చూసి కనిపెట్టినందుకు ఎంత?" అని అడిగాను. ఆయన నవ్వేశాడు. "చూసినదానికి పైసలు ఎవరిస్తరు తమ్ముడూ?"

నిజమే, ఎవరమూ ఇవ్వం. డబ్బా చేతిలో పెడితే వేలకి వేలు కడతాం, మనిషి అరగంట ఆలోచించి "ఏమీ మార్చక్కర్లేదు" అంటే మూడొందలు ఇవ్వడానికి గింజుకుంటాం. మరి షాపువాడు ఏం చేస్తాడు? దేనికి డబ్బొస్తే అదే అమ్ముతాడు. ఆ సర్వీస్ సెంటర్లో మోసం ఉందని నేననుకోను. ఎస్టిమేట్‌లో మౌంటూ ఉంది, ప్లగ్గులూ ఉన్నాయి, జవాబు అందులోనే ఉంది, దాంతో పాటు 30 వేల అనుమానం కూడా ఉంది. వెతికే మనిషికి జీతం లేని చోట వెతకడం మానేసి, అన్నీ మార్చడం మొదలవుతుంది. ఆ పద్ధతిని పోషిస్తున్నది మనమే. గంటల లెక్కన బిల్లు వేసుకుని బతికే సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఎదుటివాడి గంటకి మాత్రం విలువ కట్టం.

మా టీమ్‌లో ఒకడికి ఇది చెప్తే, "మామా, నాలుగు రోజులు సెలవు దాని మీద పెట్టావు, నీ గంట రేటుతో చూస్తే 34 వేలే చవక" అన్నాడు. లెక్క కరెక్టే. కానీ ఆ 34 వేలు కట్టి ఉంటే వణుకు పోయేది, కారణం తెలిసేది కాదు. వచ్చే ఏడాది మళ్ళీ వణికితే మళ్ళీ మొదటినుంచి. పైగా అంత ఖర్చా అని భయపడి కారునే అమ్మేసేవాళ్ళం. మా ఇంట్లో జరగబోయింది అదే. మంచి ఇంజిను, చిరిగిన రబ్బరు ముక్క, కాలిన ప్లగ్గు, పగిలిన గొట్టం. అన్నీ కలిపి 2,650 రూపాయల పని. దీనికోసం ఒక కారుని తుక్కుకి పంపబోయాం.

అలాగని పాతదంతా బంగారం అనే బాపతు కాదు నేను. మా కారులో ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ లేదు. కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019లో. వణుకు పోయినంత మాత్రాన కారు భద్రమైపోదు. అందుకే నాన్నతో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఊళ్ళో మాత్రమే నడపాలి, హైవే ఎక్కకూడదు, హైదరాబాద్ రావాలంటే రైలు. ఇంకో మాట కూడా. ప్లగ్గులు, ఫిల్టర్లు, గొట్టాలు మనం చూసుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు వాసన, కారు కిందికి దూరే పనులు, వీటి జోలికి మాత్రం పోకండి. యూట్యూబ్ చూసి అవి నేర్చుకోవద్దు. తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

మీ ఇంట్లోనూ ఇలాంటి కారొకటి ఉంటే నేను చెప్పేది మూడు ముక్కలే. విప్పేముందు, ఎప్పుడు ఎలా వణుకుతోందో రాసుకోండి, రోజూ నడిపేవాళ్ళని అడిగి మరీ రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చి నడిపి చూడండి, ఒక కారణం దొరికిందని రెండోది లేదనుకోకండి. కారణం చెప్పిన మనిషికి, ఏ పార్టూ అమ్మకపోయినా సరే, డబ్బులివ్వండి.

ఆ రోజు నేను చీటీ తీసుకుని మూడో వరస నా చేత్తోనే రాశాను, "చూసినందుకు 300". భాయ్ వద్దువద్దంటూనే జేబులో పెట్టుకున్నాడు. ఆగస్టులో కారు ఫిట్‌నెస్‌కి వెళ్ళింది, పాసైంది, ఐదేళ్ళ పొడిగింపు వచ్చింది. ఆఫీసుకొచ్చాక నేను ఆ పాత టికెట్ మళ్ళీ తెరిచాను. మూడు మార్పుల్ని టెస్ట్ సర్వర్లో వెనక్కి తీసి ఒక్కోటి పెట్టి చూస్తున్నాను. మా మేనేజరు "పోయిన సమస్యే కదా, ఎందుకు?" అన్నాడు.

నాన్న కారు సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.